మునిగిపోయిన ఊరిని పిల్లలతో పటంగా వేయించాలనుంది, సలహాలు కావాలి

బడిగంట | శనివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. గజ్వేల్ దగ్గర పునరావాస కాలనీలోని ఒక ప్రభుత్వ బడిలో సోషల్ చెబుతున్నాను. మా పిల్లల్లో ఎక్కువమంది మల్లన్నసాగర్ జలాశయం కింద పోయిన ఊళ్ళవాళ్ళు. వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్, రాంపూర్, లక్ష్మాపూర్, ఇలా. 2021లో నీళ్ళు నింపడం మొదలయ్యేసరికి అందరూ ఇక్కడికి వచ్చేశారు. ఇప్పుడు తొమ్మిదో తరగతిలో ఉన్నవాళ్ళకు అప్పుడు పదేళ్ళుంటాయి, ఊరు బాగానే గుర్తుంది. ఆరో తరగతి వాళ్ళకు మాత్రం అక్కడొక చెట్టు, ఇక్కడొక గోడ తప్ప ఏమీ గుర్తు లేదు.

ఈమధ్య స్థానిక చరిత్ర పాఠంలో ‘మీ ఊరి గురించి రాయండి’ అంటే సగం క్లాసు ‘ఏ ఊరు మేడమ్?’ అని అడిగింది. ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పకూడదని, వాళ్ళే వెతుక్కోవాలని అనిపించింది. గుడ్డ మీద కథలను బొమ్మలుగా వేసే నకాశీ పటాలకు పేరున్న చేర్యాల మా సిద్దిపేట జిల్లాలోనే ఉంది కదా. పిల్లలంతా కలిసి నకాశీ పద్ధతిలో ఒక పెద్ద పటం వేస్తే ఎలా ఉంటుంది? ఒక్కొక్కరూ ఒక్కో బొమ్మ గీసి గోడకు అంటించడం కాదు, ఒకే గుడ్డ మీద అందరూ.

పిల్లలు చేయగలిగిన పనేనా? ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంకో సంగతి నన్ను ఆపుతోంది. కొందరు తల్లిదండ్రులు ఆ ఊరి మాట ఎత్తితేనే లేచి వెళ్ళిపోతారు. ఈ పనితో పిల్లల ఇళ్ళలో బాధను రేపుతానేమో.

ఎర్రపటం | శనివారం రాత్రి 10:42

మేడమ్, తప్పకుండా చేయగలరు. నేను చేర్యాలలో పని నేర్చుకున్నాను, బడుల్లో వర్క్‌షాపులు చేస్తుంటాను. గుడ్డ తయారీ సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే అసలు కలిసి చేసే పని అక్కడే మొదలవుతుంది.

ముతక ఖాదీ గుడ్డ తీసుకోండి. చింతగింజలను వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి ఉడకబెడితే చిక్కటి జిగురు వస్తుంది. దానిలో బియ్యం గంజి, సుద్దమట్టి, కొంచెం తుమ్మబంక కలిపి గుడ్డకు పూయాలి. ఒక పూత పూర్తిగా ఆరాకే రెండోది, తర్వాత మూడోది. పెద్ద గుడ్డ అయితే నలుగురు నాలుగు మూలలు పట్టుకోక తప్పదు. బొమ్మలు రావని సిగ్గుపడే పిల్లలు ఈ పనిలో ముందుకొస్తారు, తర్వాత బొమ్మల దగ్గరా ఉండిపోతారు. గింజలు ఇళ్ళ నుంచే తెమ్మనండి.

తర్వాత పటాన్ని అడ్డంగా గళ్ళుగా విభజించుకుంటాం. గడికీ గడికీ మధ్య పూల అంచు. నేల అంతా ఎరుపు, దాని మీద మనుషులు, చెట్లు, ఇళ్ళు, చివర్న నల్లగీతతో కళ్ళూ ముక్కూ నగలూ. ఇందులో దూరంగా ఉన్నది చిన్నగా, దగ్గరున్నది పెద్దగా వేయాలన్న లెక్క లేదు. కథలో ఎవరు ముఖ్యమో వాళ్ళే పెద్ద. ఇంటి ముందుగోడ తీసేసి లోపల వంట చేస్తున్న అమ్మను చూపించవచ్చు, అదే బొమ్మలో ఇంటిపైన చెట్టునూ చూపించవచ్చు. పిల్లలు చిన్నప్పుడు ఎలాగూ ఇలాగే గీస్తారు. అందుకే ఈ శైలి వాళ్ళకు త్వరగా వచ్చేస్తుంది.

ఇంకో ముఖ్యమైన మాట. పటం గోడకు తగిలించడానికి పుట్టింది కాదు. కథ చెప్పేవాళ్ళు రెండు గుంజల మధ్య కట్టి, గడి తర్వాత గడి విప్పుతూ, పుల్లతో చూపిస్తూ రాత్రంతా పాడేవాళ్ళు. మీ పిల్లలు వేయడంతో ఆపకండి. చెప్పాలి కూడా. చెప్పేటప్పుడు ఎవరు ఏ గడి దగ్గర నిలబడతారో ముందే ఆలోచిస్తే ఏం వేయాలో తేలిపోతుంది.

ఏటిగట్టు | శనివారం రాత్రి 11:30

మేడమ్, మాదీ ఆ ఊళ్ళలో ఒకటే. ఊరు విడిచేనాటికి ఇంటర్‌లో ఉన్నాను, ఇప్పుడు హైదరాబాద్‌లో బీటెక్ చివరి సంవత్సరం. మీ పోస్టు చదివి నిద్ర పట్టలేదు. దయచేసి ఈ పని చేయండి.

ఒక్కటే కోరిక. పటంలో ఊరే ఉండాలి. మా వాగు, తాటివనం, చెరువు కట్ట, పోచమ్మ గుడి, పీర్ల కొట్టం, బురుజు. కాలనీని అందులోకి తేవద్దు. వరుసగా ఒకే రకం ఇళ్ళు కట్టినంత మాత్రాన ఊరైపోదు.

ముగ్గుపిండి | ఆదివారం ఉదయం 6:55

బడిగంట గారూ, చాలా ఏళ్ళు ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేశాను. ఊళ్ళకు వెళ్తే మొదటి పని ఊరివాళ్ళతో నేల మీద ఊరి పటం గీయించడం. ముగ్గుపిండి, ఆకులు, గింజలు, రాళ్ళు, ఏది దొరికితే అది. ఈ పద్ధతి మన దేశంలో 1980ల చివర్లో బాగా పెరిగింది, రాబర్ట్ ఛాంబర్స్ లాంటివాళ్ళు దాని గురించి చాలా రాశారు. నేల మీద గీయడంలో సుఖమేమిటంటే తప్పనిపిస్తే చేత్తో తుడిచేయవచ్చు, చదువు రానివాళ్ళూ కూర్చుంటారు, చుట్టూ నిలబడ్డవాళ్ళంతా కలగజేసుకుంటారు. గుడ్డ ముట్టుకునే ముందు మీరు ఈ పని చేయించండి.

అయితే చేతిలో పుల్ల ఎవరిది అన్నది చూసుకోవాలి. అందరినీ ఒకేచోట కూర్చోబెడితే గట్టిగా మాట్లాడే నలుగురు మగపిల్లల ఊరే పటమవుతుంది. ఆడపిల్లలతో వేరుగా, మగపిల్లలతో వేరుగా గీయించి తర్వాత రెండూ పక్కపక్కన పెట్టండి. నేను చేయించిన చోటల్లా ఆడవాళ్ళ పటంలో నీళ్ళ దగ్గరకు పోయే దారులు, కట్టెలు దొరికే చోటు, చీకటి పడితే పోకూడని మలుపు కనిపించేవి. మగవాళ్ళ పటంలో అవేవీ ఉండేవి కావు. అదే ఊరు.

మా వైపు కనుమనాడు రథం ముగ్గు వేస్తారు. రథానికి తాడు గీసి, ఆ తాడును పక్కింటి ముగ్గు దాకా లాగుతారు. వాళ్ళు వాళ్ళ రథం నుంచి ఆ పక్కింటికి. అలా వీధి వీధంతా ఒకే బొమ్మ అయిపోతుంది. నా దృష్టిలో పిల్లలతో చేసే సామూహిక చిత్రకళ అలా ఉండాలి. ఎవరి వాకిలి వాళ్ళదే, తాడు మాత్రం అందరిదీ. వేర్వేరు ఊళ్ళ పిల్లలు ఒకే బడిలో ఉన్నారు కాబట్టి చెబుతున్నాను, ఎవరి ఊరు వాళ్ళు వేసుకున్నా గళ్ళ మధ్య ఏదో ఒకటి సాగుతూ పోవాలి.

వాడచివర | ఆదివారం ఉదయం 11:20

మేడమ్, మాది కరీంనగర్ వైపు ఇంకో ముంపు ఊరు. మీ ఆలోచన నచ్చింది. కానీ ఎవరూ అనని మాట ఒకటి నేను అనాలి.

ఊరి పటం అనగానే అందరూ బొడ్రాయి దగ్గర మొదలుపెడతారు. బొడ్రాయి నడుమ, చుట్టూ పెద్ద ఇళ్ళు, గుడి, తర్వాత కులాల వారీగా వాడలు. మా ఇల్లు ఆ పటంలో ఎప్పుడూ అంచునే. గుడ్డ అయిపోయిన చోట. పెద్దలు ‘మా ఊరు బంగారం’ అని చెబుతుంటే మా నాయన ఊరుకుంటాడు. ఏ బావిలో ఎవరు చేదుకోవచ్చో ఆయనకు గుర్తే. మీ క్లాసులో మా లాంటి పిల్లలు ఉండే ఉంటారు. అందరూ కలిసి ఊరు గీస్తున్నప్పుడు, తన ఇల్లు ఎక్కడ వేయాలని వాడిని అడిగితే, వాడికి ఎలా ఉంటుందో ఆలోచించండి.

పటాల చరిత్ర కూడా అదే. కూనపులివాళ్ళు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు, కాకిపడగలవాళ్ళు ముదిరాజులకు పాండవుల కథ, డక్కలివాళ్ళు మాదిగలకు జాంబపురాణం చెబుతారు. ఏ కులం పటం ఆ కులానిదే. అన్ని కులాల పిల్లలూ కూర్చుని ఒకే పటం వేయడమంటే పాతదాన్ని తిరిగి చేయడం కాదు, ఇంతకుముందు లేనిదాన్ని చేయడం. అంత జాగ్రత్తగా చేయాలి.

ఏటిగట్టు తమ్ముడూ, నీ బాధ నాకు తెలుసు, నా ఊరూ నీళ్ళలోనే ఉంది. కానీ కాలనీని తేవద్దంటే నేను ఒప్పుకోను. మా కాలనీలో ప్లాట్లు లాటరీలో వచ్చాయి. మా పక్కింట్లో ఒకప్పుడు మా తాత చెప్పులు విడిచి నిలబడాల్సిన ఇంటివాళ్ళు ఉంటున్నారు. వాళ్ళ పిల్లలూ మా అక్క పిల్లలూ ఒకే అరుగు మీద ఆడుకుంటారు. పొలం పోయింది, పని పోయింది, అది చిన్న నష్టం కాదు. అయినా ఆ అరుగు కూడా ఒక చోటే.

ఎర్రపటం | ఆదివారం మధ్యాహ్నం 1:05

వాడచివర అన్న మాటకు పని తెలిసినవాడిగా ఒకటి కలుపుతాను. పటానికి నడుమ అంటూ ఉండదు. పొడవాటి గుడ్డ, పై నుంచి కిందికి కథ నడుస్తుంది. గుండ్రటి ఊరిని అందులో పట్టించాలని చూడకుండా నడకను పట్టించండి. ఒక మనిషి పొద్దున ఇంట్లోంచి బయల్దేరి ఎక్కడెక్కడికి వెళ్ళాడో గడి తర్వాత గడి వేస్తే ఎవరి ఇల్లూ అంచున పడదు. ఎవరి నడక మొదలైతే వాళ్ళ గడపే మొదటి గడి.

కృష్ణఒడ్డు | ఆదివారం రాత్రి 8:15

మాది కర్నూలు. మా నాన్నవాళ్ళ ఊరు శ్రీశైలం ప్రాజెక్టు కింద 1981లో పోయింది. వందకు పైగా ఊళ్ళు ఒకేసారి ఖాళీ చేయించారు. నేను ఆ తర్వాత పుట్టినవాణ్ణి. మీ ఆరో తరగతి పిల్లలు పెద్దయితే నాలాగే ఉంటారు, అందుకే రాస్తున్నాను.

మా ఇంట్లో ఊరి మాట ప్రతిరోజూ వచ్చేది. కానీ ఎప్పుడు వచ్చినా చివరి రోజు దగ్గరే ఆగేది. సామాన్లు ఎలా కట్టుకున్నారు, ఇళ్ళు ఎలా కూలగొట్టారు, ఎవరు ఏడ్చారు. దాంతో ఊరు పోయిన సంగతి నాకు క్షుణ్ణంగా తెలుసు, ఊరు ఎలా ఉండేదో తెలియదు. మా నాన్న ఎక్కడ ఈత నేర్చుకున్నాడో, ఏ చెట్టు మామిడికాయలు దొంగతనం చేశాడో పెళ్ళయ్యాక నా భార్య అడిగితే గానీ ఇంట్లో బయటికి రాలేదు. ఆయన ఆ రోజు నవ్వుతూ చెబుతూనే ఉన్నాడు.

మేడమ్, బాధ రేగుతుందేమో అన్నారు. అది ఎలాగూ ఆ ఇళ్ళలో ఉంది. పిల్లలు అడిగే ప్రశ్న మారితే పెద్దలు చెప్పే కథ మారుతుంది. ‘ఊరు ఎలా పోయింది’ అని అడగనివ్వకండి. దాక్కోవడానికి ఏ చోటు బాగుండేది, ఎండాకాలం రాత్రి ఎక్కడ పడుకునేవాళ్ళు, ఏ దారిలో దయ్యం ఉందనేవాళ్ళు, వాన వస్తోందని ముందు ఏ వైపు చూసి తెలుసుకునేవాళ్ళు, ఎవరింట్లో మొదట టీవీ వచ్చింది, ఇలాంటివి అడగమనండి. వీటికి జవాబు చెప్పేటప్పుడు మనిషి ఊళ్ళో నడుస్తాడు.

మాకు ఒక అదృష్టం ఉంది. ఎండాకాలం నీళ్ళు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, వేపకొయ్యతో చేసిన శివలింగం చూడడానికి జనం వెళ్తారు. కూడవెల్లి గుడిని అయితే రాయి రాయి విప్పి అలంపురంలో మళ్ళీ కట్టారు. గుళ్ళకు చోటు దొరికింది. మా నాన్న ఈత నేర్చుకున్న బావికి ఏ మ్యూజియమూ లేదు. మీ పటంలో బావులు వేయించండి.

నక్షా | సోమవారం రాత్రి 7:40

సర్వే, మ్యాపింగ్ పనిలో ఉన్నాను. ఉపయోగపడేవి రెండు చెబుతాను.

కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ పెట్టుకుంటే పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు చూడవచ్చు. కాలాన్ని వెనక్కి జరుపుతూ పోతే నీళ్ళ కింద ఉన్న చోట మీ ఊరి వీధులు, చెరువు, పొలం గట్లు కనిపిస్తాయి. రెండోది గ్రామ నక్షా. సర్వే నంబర్లు, బాటలు, వాగులు, కుంటలు అన్నీ అందులో ఉంటాయి. పొలం కొలతలు గీసిన పాత టిప్పన్ల కాపీ ఏ రైతు ఇంట్లోనైనా ఉండవచ్చు, అడిగి చూడండి.

కానీ ఇవి మొదటే పిల్లలకు చూపించకండి. తెర మీద ఉపగ్రహ చిత్రం చూసిన మరుక్షణం అదే సరైనది, తమకు గుర్తున్నది తప్పు అనుకుంటారు. చిన్నప్పుడు బడి దారి ఎంతో పొడుగ్గా అనిపించి ఉంటుంది, పటంలో పొడుగ్గానే ఉండనివ్వండి. పటం గీతలు పూర్తయ్యాక ఒకరోజు ఆ చిత్రాలు చూపించండి. అప్పుడు పోల్చుకుంటారు.

కొండవాగు | మంగళవారం రాత్రి 9:25

రంపచోడవరం వైపు ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తున్నాను. మా దగ్గర పోలవరం ముంపు ఊళ్ళ నుంచి వచ్చిన కోయ, కొండరెడ్డి పిల్లలున్నారు. ఇక్కడ చదువుతున్నదాంట్లో ప్రతి మాటా నాకు పనికొస్తుంది.

మా పిల్లలను ఊరు గీయమంటే ఇళ్ళు చివర్న వేస్తారు, కొన్నిసార్లు వేయరు కూడా. ముందు కొండ, ఆ కొండ మీద ఎక్కడ వెదురు కొట్టేవాళ్ళో, ఎక్కడ తేనెపట్టు ఉండేదో, ఏ వాగులో చేపలు పట్టేవాళ్ళో. వాళ్ళకు ఊరంటే అదంతా. కాలనీలో ఇల్లు ఇచ్చారు, కొండ ఎలా ఇస్తారు? కాబట్టి గళ్ళు గీసేటప్పుడు ఇళ్ళకు ఎంత, బయటికి ఎంత అన్నది మనం ముందే తేల్చేయకూడదు. పిల్లలకే వదిలేయాలి.

కోయల్లో పడిగె అని ఉంటుంది. గోత్రం కథను బొమ్మలుగా కుట్టిన గుడ్డ జెండా. డోలీ కళాకారులు దాన్ని చూపిస్తూ కథ పాడతారు. మణుగూరు దగ్గరి సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది ఈ కథా సంప్రదాయానికే. మీ పోస్టు చూశాక చేర్యాల పటం కన్నా మా పిల్లలకు పడిగె దారి దగ్గర అనిపించింది. అయితే అది దేవుడి వస్తువు, పెద్దల అనుమతి లేకుండా ముట్టుకోం. ఆ రూపాన్ని నకలు చేయకుండా, గుడ్డ మీద కుట్టు అన్న పద్ధతి మాత్రం తీసుకోవచ్చా అని పెద్దమనుషులను అడగబోతున్నాను.

రెడింగ్ తెలుగమ్మాయి | బుధవారం మధ్యాహ్నం 3:50

ఇంగ్లండ్ నుంచి. ఇక్కడ కామన్ గ్రౌండ్ అనే సంస్థ 1980ల్లో ‘పారిష్ మ్యాప్’ అనే పని మొదలుపెట్టింది. స్యూ క్లిఫర్డ్, ఏంజెలా కింగ్ దాన్ని నడిపించారు. ఒక ఊరివాళ్ళంతా కూర్చుని తమ ఊళ్ళో తమకు విలువైనది ఏమిటో తామే తేల్చుకుని పటంగా చేయడం. రంగులతో, ఎంబ్రాయిడరీతో, ఎవరికి ఏది వస్తే దానితో. వెస్ట్ ససెక్స్‌లో 2000 సంవత్సరం సందర్భంగా చాలా ఊళ్ళు చేశాయి. పంచాయతీ హాళ్ళలాంటి చోట్ల తగిలించి ఉంటాయి.

నాకు వాటిలో నచ్చింది ఏమిటంటే గుడి, కోట లాంటి గొప్పవే కాదు, ఒక గేటు, ఒక కాలిబాట, ఒక రకం ఆపిల్ చెట్టు కూడా ఉంటాయి. మ్యాపుల్లో రానివి. మన పిల్లలు అలాంటివే వేస్తారని నా నమ్మకం.

ఒక చిన్న అనుభవం. మా వారాంతపు తెలుగు బడిలో పిల్లలను ‘మీ చోటు’ గీయమన్నాం. ఒకే కాగితం మీద థేమ్స్ నది, దాని ఒడ్డున నెల్లూరు అమ్మమ్మగారి ఇల్లు వేసిన పిల్ల ఉంది. పక్కనున్న పెద్దాయన ‘అది ఇక్కడ లేదమ్మా’ అని సరిచేయబోతే ఆపాను. ఆ పిల్లకు ఆ ఇల్లు అక్కడే ఉంది. ఏటిగట్టు గారూ, మీ ఊరూ కాలనీ పక్కపక్క గళ్ళలో ఉంటే ఊరికి తక్కువ కాదు.

ఏటిగట్టు | బుధవారం రాత్రి 11:58

అక్కా, వాడచివర అన్నా, మీరు చెప్పినవి రెండు మూడుసార్లు చదివాను.

అరుగు సంగతి నాకు తెలియదు. మా ఊళ్ళో ఆ బావి దగ్గర నేను ఎప్పుడూ నిలబడి చూడలేదు, నాకు చూడాల్సిన అవసరం రాలేదు కాబట్టి. అది ఒప్పుకుంటున్నాను. కానీ నాకు ఇప్పటికీ కాలనీ మీద ప్రేమ రావడం లేదు, రప్పించుకోలేను కూడా. మా తాత కల్లు గీసేవాడు. తాటిచెట్లన్నీ నీళ్ళలో పోయాయి. ఇప్పుడు ఆయన పొద్దున లేచి కాలనీ రోడ్డు చివరిదాకా నడిచి వెనక్కి వస్తాడు. చెట్టెక్కిన మనిషి.

కాలనీలో బొడ్రాయి నిలబెట్టిన రోజు నేను వెళ్ళాను. ఆ పండుగకు ఊరి ఆడపడుచులంతా వచ్చారు. ఆ ఒక్కరోజు అది ఊరులాగా ఉంది. పిల్లలు వేస్తామంటే ఆ రోజు వేయమనండి. మిగతా కాలనీ సంగతి వాళ్ళిష్టం. నా వయసువాడు చెప్పేది కాదేమో.

బడిగంట | నెల తర్వాత, ఆదివారం సాయంత్రం 5:30

ఇన్నాళ్ళు రాయలేదు, పనిలో పడిపోయాం. జరిగింది చెబుతాను.

ముగ్గుపిండి గారు చెప్పినట్టు ముందు బడి మైదానంలో నేల మీద గీయించాను, ఆడపిల్లలు ఒకవైపు, మగపిల్లలు ఒకవైపు. పాత ఊరి ప్రకారం జట్లు కట్టించాలా వద్దా అని చాలా ఆలోచించి, వాడచివర గారి మాట గుర్తుకొచ్చి, ఎవరి గడప నుంచి వాళ్ళు బడిదాకా దారి గీయమన్నాను. దారులు ఒకదాన్నొకటి దాటిన చోట పేచీలు మొదలయ్యాయి. వేపచెట్టు హనుమాన్ గుడికి ఇటువైపా అటువైపా అని ఇద్దరు అబ్బాయిలు కొట్టుకునేదాకా వెళ్ళారు. రెండుచోట్లా చెట్టు వేశాం. ఒకడు పొద్దున చూసిన చెట్టు, ఇంకొకడు సాయంత్రం వచ్చేటప్పుడు చూసినది అని వాళ్ళే రాజీ పడ్డారు.

నేను ఊహించనిది ఆరో తరగతి. వీళ్ళకేం గుర్తుంటుంది, రంగులు నింపే పని ఇద్దామనుకున్నాను. కానీ ప్రశ్నలన్నీ వాళ్ళవే. గుర్తున్నవాళ్ళకు అడగాలని తోచదు కదా. కృష్ణఒడ్డు గారు రాసిన ప్రశ్నలు బోర్డు మీద రాశాను, వాళ్ళు ఇంకా కలిపారు. ‘మీరు పోయేటప్పుడు కుక్కలు ఏమయ్యాయి’ అని ఒక పాప తన నాయనమ్మను అడిగింది. ఆ నాయనమ్మ మరునాడు బడికి వచ్చి కూర్చుంది. ఆ తర్వాత ఇంకా కొందరు వచ్చారు. గళ్ళ దగ్గర కూర్చుని ‘ఇట్ల కాదు బిడ్డా, కట్ట ఇట్ల తిరుగుతది’ అని సరిచేస్తుంటే ఒకటి రెండుసార్లు నేనే అడ్డుపడ్డాను. పెద్దవాళ్ళు చెప్పినదంతా వేయాలని లేదు, పిల్లలు విని ఏం వేయాలో వాళ్ళే అనుకోవాలి అని. మొదట నొచ్చుకున్నారు. తర్వాత పిల్లలకు చింతగింజలు వేయించి, పొట్టు తీసి ఇచ్చారు.

ఒక అబ్బాయి ఇంట్లో ఒప్పుకోలేదు. వాళ్ళ నాన్న నాతో మర్యాదగానే అన్నాడు, మా ఇల్లు వేయవద్దు మేడమ్ అని. ఆ అబ్బాయి మాత్రం పనికి వస్తాడు, అంచు పూలు అతనే వేస్తున్నాడు, చేయి చాలా నిలకడ. అతని గడి ఏం చేయాలో తెలియక ఆగాం.

కాలనీ గళ్ళ విషయం పిల్లలు ఓటు వేసి తేల్చుకున్నారు. ఉండాలన్నారు. వాటిలో బొడ్రాయి పండుగ ఉంది. ట్యాంకు కింద క్రికెట్, సాయంత్రం పూట రోడ్డు మీద సైకిళ్ళు, బతుకమ్మ ఆడే కూడలి కూడా ఉన్నాయి. పాత ఊరి బతుకమ్మ గడిలో తంగేడు, గునుగు గట్టు మీద నుంచి కోసుకొస్తున్నారు. కాలనీ గడిలో అదే పూలు ఆటోలో వస్తున్నాయి. ఇది ఎవరూ చెప్పలేదు, ఆడపిల్లలే వేశారు.

ఎర్రపటం | ఆదివారం సాయంత్రం 6:48

మేడమ్, ఆ అబ్బాయి గడికి నేల ఎరుపు వేసి వదిలేయండి. చుట్టూ అంచు మాత్రం అతనితోనే పూర్తి చేయించండి. పటంలో బొమ్మ లేని గడి ఉన్నా అది గడే. కథ చెప్పేటప్పుడు అక్కడ ఏం చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో అతని ఇష్టం. ఎప్పుడో ఒకప్పుడు వేస్తానంటే చోటు ఉంటుంది. రంగు మాత్రం ఇప్పుడే కాస్త దాచి పెట్టుకోండి, తర్వాత కలిపితే అదే ఎరుపు రాదు.

నల్లగీత దగ్గరకు వచ్చారంటే నేను రావాలి. ఆ గీత తడబడితే ముఖాలన్నీ మారిపోతాయి. ముందు పాత న్యూస్‌పేపర్ల మీద కళ్ళు, చేతివేళ్ళు వేయించండి. వచ్చే రెండో శనివారం నాకు ఖాళీ. సన్నటి కుంచెలు నేను తెస్తాను.

వాడచివర | ఆదివారం రాత్రి 9:02

మేడమ్, గడప నుంచి దారి అన్నది బాగుంది. ఒకటి అడగాలి. బావి వేశారా? వేస్తే ఎన్ని బావులు వేశారు?

బడిగంట | ఆదివారం రాత్రి 9:40

మూడు వేశారు. ఎవరి బావి ఏదో ఒక అమ్మాయి తానే చెప్పింది, గట్టిగానే చెప్పింది. క్లాసు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇంకో అమ్మాయి లేచి, మరి కాలనీ గడిలో నల్లా ఒకటే కదా, అక్కడ అందరినీ వరుసలో నిలబెడదాం అంది. అందులో ఎవరు ముందు ఎవరు వెనక అని మళ్ళీ చర్చ. ఇంకా తేలలేదు. నేను తేల్చను. రాజ్యాంగం పాఠంలో సమానత్వం అధ్యాయం ఈ వారమే చెప్పాలి, ఆ గడి ముందు కూర్చోబెట్టి చెబుతాను.

నక్షా | సోమవారం ఉదయం 8:20

ఉపగ్రహ చిత్రాలు చూపించడానికి నేనూ వస్తాను, అదే శనివారం. ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్ నావే. ఇంకొకటి, పటం చుట్టి పెట్టేముందు ప్రతి గడినీ నిటారుగా, మంచి వెలుతురులో ఫొటో తీయండి, పిల్లలు కథ చెబుతుంటే గొంతు రికార్డు చేయండి. గుడ్డకు చెమ్మ తగిలితే పూత పెచ్చులు ఊడుతుంది, చింతగింజల జిగురు కాబట్టి పురుగూ పట్టవచ్చు. వేపాకు వేసి పొడి గుడ్డలో చుట్టి పెట్టండి.

కృష్ణఒడ్డు | సోమవారం ఉదయం 9:15

పటం బడిలోనే ఉంచుతారా మేడమ్? వీలైతే కాలనీలో ఒక్కో ఊరివాళ్ళ వీధికీ తీసుకెళ్ళి, గుంజలు పాతి, రాత్రిపూట చెప్పించండి. బడికి రాలేని ముసలివాళ్ళు, బడికి రానివాళ్ళు అక్కడ ఉంటారు. ఆ అబ్బాయి నాన్న కూడా తన వీధిలో అయితే దూరం నుంచైనా వింటాడు.

బడిగంట | సోమవారం రాత్రి 8:30

పిల్లలను అడిగాను. వీధుల్లోనే చెబుతామన్నారు. మొదటి రాత్రి ఎవరి వీధి అన్నదానికి చీటీలు వేశారు. పుల్ల పట్టుకుని చూపించేవాళ్ళు ఆరో తరగతి, చెప్పేవాళ్ళు తొమ్మిదో తరగతి. మధ్యలో పాటలు కావాలంటున్నారు, నాకు పాటలు రావు. పీర్ల పండుగ గడి దగ్గర పాడేవాళ్ళు ఎవరైనా తెలుసా?

ఏటిగట్టు | సోమవారం రాత్రి 10:11

మా తాతకు పీర్ల పాటలన్నీ వచ్చు మేడమ్. అలాయి గుండం చుట్టూ ఆడుతూ పాడేవి. ఫోన్ చేసి అడిగాను. ముందు ‘ఇప్పుడెందుకురా’ అన్నాడు, తర్వాత ఏ పిల్లలు, ఎవరి బిడ్డలు అని ఇంటిపేర్లతో సహా అడిగాడు. రెండో శనివారం నేను హైదరాబాద్ నుంచి వస్తాను, ఆయన్ను బడికి తీసుకొస్తాను. తాటిచెట్ల గడి ఇంకా వేయకపోతే ఆపండి. చెట్టెక్కే మోకు ఎలా కట్టుకుంటారో, గీత కత్తులు పెట్టుకునే ముస్తాదు నడుముకు ఏ వైపు ఉంటుందో ఆయన చూపిస్తానన్నాడు.